ఆరుద్ర పురుగు చూసే పంచాంగం

పొద్దున్నే మా చిన్న మనవడు అగ్గిపెట్టె ఒకటి గుప్పిట్లో పెట్టుకుని పరుగున వచ్చాడు. "తాతయ్యా, పెరట్లో ఆరుద్ర పురుగు దొరికింది. కానీ పక్కింటి నాయనమ్మ ఇది ఆరుద్ర పురుగే కాదు పొమ్మంటోంది. ఆరుద్ర కార్తెకి ఇంకా నెల రోజులుందిట, ఇప్పుడెలా వస్తుందీ అంటోంది" అని ఫిర్యాదు. 2025 మే నెలాఖరు మాట ఇది. రోహిణి కార్తె అప్పుడే అడుగుపెట్టింది. రోళ్లు పగలాల్సిన రోజులు. మా పెరట్లో రోట్లో మాత్రం వాననీళ్లు నిలిచి ఉన్నాయి.

రండర్రా, అందరూ అరుగు మీదకి రండి. ఆ పెట్టె మెల్లిగా తెరువు నాయనా. చూశారూ, శనగగింజంత ఒళ్లు, దాని నిండా ఎర్రటి మఖమలు. వేలితో తాకితే కాళ్లు ముడుచుకుని కదలకుండా పడుకుంటుంది. కాసేపు ఊరుకోండి, అదే మళ్లీ నడుస్తుంది. ఇప్పుడు కాళ్లు లెక్కపెట్టండి. ఎనిమిది కదూ? కీటకాలకైతే ఆరే ఉంటాయి. అంచేత ఇది సాలీడుకీ తేలుకీ చుట్టం. ఏడాదిలో చాలా భాగం నేల లోపలే గడిపేస్తుంది. నేల బాగా నానేటంత వాన పడితేనే పైకొస్తుంది. అదే వానకి చెదపుట్టల్లోంచి రెక్కల చెదలు లేస్తాయి. రాత్రి దీపం చుట్టూ ముసురుతాయే ఉసిళ్లు, అవే. ఆరుద్ర పురుగుకి అవి విందుభోజనం. కడుపునిండా తిని, జతకట్టి, గుడ్లు పెట్టుకునే పని చూసుకుని మళ్లీ మట్టిలోకి దిగిపోతుంది. దానికి తెలిసిన పంచాంగమల్లా మట్టిలో తడి. మామూలుగా ఆ తడి మృగశిర, ఆరుద్ర కార్తెల్లో వస్తుంది కాబట్టి పెద్దవాళ్లు దానికి ఆ పేరు పెట్టారు. ఈసారి తడి ముందొచ్చింది, అదీ ముందొచ్చింది. పక్కింటి నాయనమ్మ చెప్పిన కార్తె లెక్కా నిజమే, మీ అగ్గిపెట్టెలో ఉన్నదీ ఆరుద్ర పురుగే. ఇక దాన్ని తీసుకెళ్లి దొరికిన చోటే వదిలిరండి. చెదల్ని తినే ప్రాణి పెరట్లో ఉంటే మంచిది.

ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే అసలు జరిగిందేమిటంటే, నైరుతి రుతుపవనం మామూలుగా జూన్ 1 నాటికి కేరళ తీరం చేరుతుంది. 2025లో మే 24కే వచ్చేసింది. రెండు మూడు రోజుల్లో మన తెలుగు నేల మీదకీ పాకింది. అలా వచ్చి, ఒక విడత కురిసి, పక్షం రోజులకు పైగా కదలకుండా ఆగిపోయింది. జూన్ మొదట్లో మళ్లీ ఎండ కాసింది. తొలకరి పడిందని తొందరపడి విత్తనాలు వేసినవాళ్లు పొలం గట్టు మీద నిలబడి ఆకాశం వంక చూడాల్సి వచ్చింది.

"అయితే కాలం మారిపోయినట్టే కదా తాతయ్యా?" అని పెద్ద మనవరాలు అడిగింది. అది తొమ్మిదో తరగతి, బళ్లో గ్లోబల్ వార్మింగ్ పాఠం చదివింది. ఆగమ్మా, అంత తొందరొద్దు. 2009లోనూ రుతుపవనం మే 23కే వచ్చింది. ఒక వారం ముందు రావడం, ఒక వారం వెనక రావడం దానికి ఎప్పటినుంచో ఉన్న అలవాటే. ఒకరోజు పులుసులో ఉప్పెక్కువైతే అది ఆ రోజుకే చెల్లు. నెలల తరబడి రోజూ ఉప్పెక్కువవుతూ వస్తే మాత్రం వంట చేసే చెయ్యి మారిందనుకోవాలి. అందుకే శాస్త్రజ్ఞులు ఒక్క ఏడు చూసి తీర్పు చెప్పరు. ముప్ఫై ఏళ్ల సగటు కట్టి, దాన్ని మామూలు అనుకుని, ప్రతి ఏడాదినీ దాని పక్కన పెట్టి చూస్తారు. ఇప్పుడు వాడుతున్న మామూలు 1991 నుంచి 2020 దాకా వచ్చిన ఏళ్లది.

ఏడాదికీ ఏడాదికీ ఇంత తేడా ఎందుకొస్తుందో కనిపెట్టడానికి తల బద్దలు కొట్టుకున్న ఒక దొర కథ చెబుతాను వినండి. 1899లో వానలు ముఖం చాటేసి దేశంలో ఘోరమైన కరువొచ్చింది. ఆ తరవాత, 1904లో, భారత వాతావరణ శాఖకి పెద్దగా గిల్బర్ట్ వాకర్ అనే ఆయన్ని తెచ్చారు. ఆయన లెక్కల మనిషి. వాతావరణం చదువుకున్నవాడు కాదు. కేంబ్రిడ్జిలో చదువుకునే రోజుల్లో బూమరాంగులు విసరడమంటే ఆయనకి ప్రాణం, అందుకని బూమరాంగ్ వాకర్ అని పేరు కూడా పడింది. విసిరిన కర్ర తిరిగి చేతికెలా వస్తుందా అని దాని మీద కూడా లెక్కలు కట్టాడు మహానుభావుడు. సరే, అలాంటి మనిషి సిమ్లాలో కూర్చుని, లోకంలో ఎక్కడెక్కడివో గాలి ఒత్తిళ్లూ వానలూ వేడీ అన్నీ తెప్పించి, మన గుమాస్తాల చేత ఏళ్ల తరబడి కూడికలూ తీసివేతలూ చేయించాడు. అప్పటికి కంప్యూటర్లు లేవు, అంతా కాయితం మీద పనే. ఆ అంకెల గుట్టలోంచి ఒక సంగతి బయటపడింది. పసిఫిక్ సముద్రం మీద గాలి ఒత్తిడి పెరిగిన ఏడు హిందూ మహాసముద్రం మీద తగ్గుతోంది, అక్కడ తగ్గితే ఇక్కడ పెరుగుతోంది. పెరూ దేశం వైపు సముద్రం వేడెక్కడాన్ని ఎల్ నినో అంటారు కదా, దానికీ ఈ ఒత్తిళ్ల ఊపుకీ ముడి ఉందని తరవాతి వాళ్లు తేల్చారు. ఎల్ నినో ఏడాది మన వానలు తరచుగా నీరసిస్తాయి. తరచుగా అన్నాను, ప్రతిసారీ అనలేదు. 1997లో గట్టి ఎల్ నినో వచ్చినా దేశం మొత్తమ్మీద వానలు మామూలుగానే పడ్డాయి. ఎక్కడో భూగోళానికి అవతలి వైపు నీళ్లు వేడెక్కితే మన నూజివీడు పక్క పొలంలో నారుమడి ఎండడం! తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఇక కొలబద్దల మాట. మారిందా లేదా అని చూడాలంటే ముందు మన కొలబద్ద కదలకుండా ఉండాలి. "ఈ ఏడు ఉగాది పచ్చట్లోకి మామిడికాయ దొరకలేదు, కాలం మారిపోయింది" అని ఎవరైనా అంటే వెంటనే ఒప్పేసుకోకండి. ఉగాది 2023లో మార్చి 22న వచ్చింది, 2024లో ఏప్రిల్ 9న, 2025లో మార్చి 30న, 2026లో మార్చి 19న. ఈ నాలుగేళ్లలోనే పండగ మూడు వారాలు అటూ ఇటూ జరిగింది. మామిడి పిందె ఎప్పటిలాగే కాసినా మార్చి మూడో వారంలో కాయ చిన్నదిగానే ఉంటుంది. చంద్రుడి ఏడాది 354 రోజులే మరి. ఇంచుమించు మూడేళ్లకోసారి అధికమాసం కలిపి దాన్ని సూర్యుడి ఏడాదితో సర్దుతారు. అందుకని తిథుల్ని పట్టుకుని పూతల్నీ వానల్నీ కొలవకూడదు.

కార్తెలు అలా కావు, అవి సూర్యుణ్ణి పట్టుకుని నడుస్తాయి. ఆకాశంలో సూర్యుడు తిరిగే దారిని ఇరవై ఏడు నక్షత్రాలకి పంచితే, ఒక్కో నక్షత్రం దగ్గర పదమూడు పద్నాలుగు రోజులు ఉంటాడు. అదే కార్తె. రోహిణి ఏటా మే 25 ప్రాంతంలో, మృగశిర జూన్ 8 ప్రాంతంలో, ఆరుద్ర జూన్ 22 ప్రాంతంలో వస్తాయి. ఏ గడియారమూ లేని రోజుల్లో రైతుకి ఇంతకంటే మంచి కేలండరు ఏముంటుంది చెప్పండి! మృగశిరకి ముంగిళ్లు చల్లబడతాయని, ఉత్తర చూసి ఎత్తర గంప అని, ఊరికే అన్నారా? ఉత్తర కార్తె సెప్టెంబరు మధ్యలో మొదలవుతుంది. అప్పటికీ వాన లేకపోతే ఇక పంట లేనట్టే, గంప నెత్తిన పెట్టుకుని బతుకుతెరువు వెతుక్కోమని. ఎన్ని తరాల కష్టం, ఎన్ని తరాల గమనింపు ఆ నాలుగు మాటల్లో ఉందో చూడండి.

అయితే కార్తెల్లోనూ ఒక చిన్న తమాషా ఉంది. చిన్నాడా, ఆ బొంగరం ఇటు తే. బాగా తిప్పి వదులు. ఇప్పుడు కాస్త వేగం తగ్గింది కదా, దాని తల చూడండి, మెల్లిగా సున్నా చుడుతోంది. మన భూమి తల కూడా అలాగే సున్నా చుడుతుంది, కాకపోతే ఒక్క చుట్టుకి సుమారు 26,000 ఏళ్లు తీసుకుంటుంది. దానివల్ల ఏమవుతుందంటే, సూర్యుడు తిరిగి అదే నక్షత్రం దగ్గరికి చేరడానికి పట్టే కాలం, రుతువులు ఒక చుట్టు తిరగడానికి పట్టే కాలం కంటే ఇరవై నిమిషాలు ఎక్కువ. ఏడాదికి ఇరవై నిమిషాలంటే డెబ్భై ఏళ్లకి ఒక రోజు. వెయ్యేళ్లకి దగ్గర దగ్గర ఒక కార్తె. అంటే నన్నయగారి కాలంలో, ఇవాళ రోహిణి మొదలయ్యే ఎండల్లో మృగశిర మొదలయ్యేదన్నమాట! ఎంత బాగుంది లెక్క! అలాగని ఇది మన ఇప్పటి గొడవకి జవాబు కాదు. ఒక మనిషి నిండా బతికితే ఆ జీవితంలో కార్తె జరిగేది ఒక్క రోజే. కాబట్టి మా చిన్నతనానికీ మీ చిన్నతనానికీ మధ్య ఏదైనా మారిందంటే నక్షత్రాలది తప్పు కాదు. ఆ అనుమానం ఇక్కడితో వదిలేయచ్చు.

మరి ఏం మారింది? నేను చెప్పేదానికంటే రిజిస్టర్లు చెప్పేది వినడం మంచిది. మన దేశంలో అలాంటి రిజిస్టర్లు పెట్టడం వెనక మన తీరం కన్నీళ్లు కూడా ఉన్నాయి. 1864లో కలకత్తాని ఒక తుఫాను ఊడ్చేసింది. అదే ఏడాది నవంబరులో మన బందరు మీద ఉప్పెన విరుచుకుపడి వేలాది మందిని పొట్టన పెట్టుకుంది. ఆ తరవాత రెండుసార్లు వానలు ఎగ్గొట్టి కరువులొచ్చాయి. ఇలా ఊరికే చూస్తూ కూర్చుంటే లాభం లేదని 1875లో భారత వాతావరణ శాఖ పెట్టారు. నూట యాభై ఏళ్లుగా పొద్దున్నే ఎవరో ఒకరు వెళ్లి థర్మామీటరు చూసి, వానకొలత తీసి, అంకె రాస్తున్నారు. వాళ్ల పేర్లు ఏ పుస్తకంలోనూ ఉండవు. కానీ వాళ్లు రాసిన అంకెల్లేకపోతే మనం ఇవాళ ఏ మాటా గట్టిగా అనలేం.

ఆ అంకెలు చెప్పేదేమిటంటే, 1901 నుంచి 2018 లోపల మన దేశపు సగటు వేడి సుమారు 0.7 డిగ్రీలు పెరిగింది. 1901 నుంచి లెక్క తీస్తే 2024 అన్నిటికంటే వేడి సంవత్సరం. "ముప్పావు డిగ్రీ కూడా లేదుగా తాతయ్యా, పొద్దుటికీ మధ్యాహ్నానికే పది డిగ్రీలు తేడా ఉంటుంది కదా?" అంటారు మీరు. మంచి ప్రశ్న. సగటు అంటే ఎండాకాలం, చలికాలం, రాత్రి, పగలు, కొండ, కోస్తా అన్నీ కలిపి పంచిన లెక్క. అంత పెద్ద దేశానికి, అన్ని రోజులకి పంచినా ఆ అంకె కదిలిందంటే ఎంతో కదిలితేనే కదులుతుంది. పైగా మండే రోజులు ఆ పెరిగిన గట్టు మీదనుంచి మొదలవుతాయి. 2015 మే నెలలో వడగాడ్పులకి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కలిపి రెండువేల మందికి పైగా చనిపోయారు. పోయినవాళ్లలో చాలామంది ఎండన పడి పనిచేసే కూలీలు, వృద్ధులు. సగటుల గురించి మాట్లాడేటప్పుడు నాకు ఆ మే నెలే గుర్తొస్తుంది.

వేడెందుకు పెరిగిందో తెలుసుకోవాలంటే చలికాలం రాత్రి పెరట్లోకి రావాలి. ఆకాశం నక్షత్రాలతో నిర్మలంగా ఉన్న రాత్రి తెల్లారి చూడండి, గడ్డి మీద, గడ్డివాము మీద, సైకిలు సీటు మీద మంచు బొట్లు కూర్చుని ఉంటాయి. చలి కొరికేస్తుంది. మబ్బు పట్టిన రాత్రి తెల్లారి చూస్తే మంచూ ఉండదు, అంత చలీ ఉండదు. పగలు ఎండకి కాగిన నేల రాత్రంతా ఆ వేడిని ఆకాశంలోకి వదిలేస్తూ ఉంటుంది. మబ్బుంటే ఆ వేడిలో కొంత పట్టుకుని మళ్లీ కిందికి పంపిస్తుంది. కంటికి కనపడని నీటి ఆవిరి, బొగ్గూ పెట్రోలూ కాలిస్తే వచ్చే కార్బన్ డయాక్సైడు కూడా అదే పని చేస్తాయి. మబ్బైతే గాలికి కొట్టుకుపోతుంది. ఈ కార్బన్ డయాక్సైడు మాత్రం గాల్లోకి ఎక్కిందంటే తొందరగా పోదు, ఏటికేడాది పేరుకుపోతుంది. 1958లో హవాయి దీవిలో ఒక కొండ మీద చార్లెస్ కీలింగ్ అనే ఆయన కొలవడం మొదలుపెట్టినప్పుడు గాలిలో పది లక్షల పాళ్లకి 315 పాళ్లు ఉండేది. ఇప్పుడు 420 దాటింది.

ఈ వాయువు ఎక్కువ వేడెక్కుతుందని మొట్టమొదట చేత్తో చేసి చూసింది ఒక ఆడమనిషర్రా. అమెరికాలో యూనిస్ ఫుట్ అని. 1856 నాటి సంగతి. రెండు గాజు గొట్టాలూ కొన్ని థర్మామీటర్లూ తీసుకుంది. ఒక గొట్టంలో మామూలు గాలి, ఒక దాంట్లో కార్బన్ డయాక్సైడు నింపి ఎండలో పెట్టింది. రెండోది బాగా ఎక్కువ వేడెక్కింది. నీడలోకి తెచ్చాక అది చల్లారడానికి కూడా చాలాసేపు పట్టింది. గాల్లో ఈ వాయువు ఎక్కువైతే భూమి వేడెక్కుతుందని అప్పుడే రాసింది. శాస్త్రజ్ఞుల సభలో ఆవిడ పత్రాన్ని ఒక మగాయన చదివాడు. తరవాత నూరేళ్లకు పైగా ఆవిడ పేరే ఎవరూ తలచలేదు. మనవరాలా, నీ నోటు పుస్తకంలో ఆ పేరు రాసుకో.

ఇప్పుడు వానలోకి వద్దాం. ముసురు అంటే తెలుసా మీకు? మీ అమ్మానాన్నలకి తెలుసు. శ్రావణ భాద్రపదాల్లో పట్టేది. రెండు రోజులు, మూడు రోజులు, ఒక్కోసారి వారం. ఉరుముండదు, మెరుపుండదు. సన్నగా, విసుగూ విరామం లేకుండా చినుకు. బట్టలు ఆరక ఇంట్లో దండెం నిండా తడి గుడ్డల వాసన. పొయ్యిలో పుల్లలు మండక అమ్మలు పొగలో కళ్లు తుడుచుకునేవాళ్లు. ఉప్పు జాడీలో ఉప్పు నీరు కారేది. విసుక్కున్నా ఆ చినుకు ఒక్క బొట్టు వృథా పోయేది కాదు. చినుకు వెంట చినుకు నేలలోకి ఇంకేది, బావిలో నీళ్లు పైకొచ్చేవి. ఇప్పుడు నెల్లాళ్లు ఎండగొట్టి, ఒక్క రాత్రి కుండపోతగా పోసి వెళ్లిపోవడం ఎక్కువైంది. అది ముసలాళ్ల ఊహ కాదు. బి.ఎన్. గోస్వామిగారూ ఆయన తోటివాళ్లూ 1951 నుంచి 2000 దాకా మధ్య భారతంలో రోజువారీ వానలెక్కలన్నీ తీసి 2006లో ఒక పత్రం రాశారు. వర్షాకాలంలో పడిన మొత్తం వానలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. కానీ కుండపోత రోజులు పెరిగాయి, ఓ మోస్తరు వాన రోజులు తగ్గాయి. ఒకటి పెరిగి ఇంకొకటి తగ్గేసరికి కూడిక సమానమైపోయి, పైకి ఏమీ మారనట్టే కనిపించిందన్నమాట. ఏడాదికి ఇన్ని సెంటీమీటర్లు అన్న ఒక్క అంకె చూసుకుని ఊరుకుంటే ఈ సంగతి దొరకదు.

ఎందుకలా అంటే, వేసవి మధ్యాహ్నం దండెం మీద బట్టలు ఎంత చప్పున ఆరతాయో చూశారుగా. వేడి గాలి నీటిని ఎక్కువ తాగుతుంది. లెక్కకి చెప్పాలంటే గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే నూటికి ఏడు పాళ్లు ఎక్కువ ఆవిరి పట్టుకోగలదు. కుండలోని చల్లని నీళ్లు స్టీలు గ్లాసులో పోస్తే గ్లాసు బయట చెమటలు పడతాయే, ఆ నీళ్లు గాల్లోంచి వచ్చినవే. గాల్లో ఎక్కువ ఆవిరి నిలవుంటే, అది చల్లబడి కురిసే రోజున ఎక్కువ కురుస్తుంది. కురవని రోజుల్లో అదే వేడి గాలి చెరువుల్లోంచీ పొలాల్లోంచీ తడి లాగేస్తుంది. అందుకే ఎండబెట్టడమూ అదే చేస్తుంది, ముంచడమూ అదే చేస్తుంది. 2023లో ఆగస్టు నెల చూడండి, 1901 నుంచి దేశంలో అంత తక్కువ వాన పడిన ఆగస్టు లేదు. ఆ మరుసటి ఏడాదే, 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో, విజయవాడలో ఒక్క రోజులో పాతిక సెంటీమీటర్లకు పైగా కురిసింది. అక్కడ ఏడాది మొత్తానికి పడేదే సుమారు మీటరు! మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరులో కలిసే బుడమేరు ఊళ్ల మీదకి పొంగింది. ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది. వాన ఒక్కదాని మీదే నెపం వేయలేం. ఏరు పారే చోట ఇళ్లు కట్టుకోవడం, గట్లు తెగడం, అన్నీ కలిసి ముంచాయి. నా మటుకు నేను ఏమంటానంటే, వానలు ఇలా గంపగుత్తగా పడే కాలంలో ఏటి దారిని ఆక్రమించడం అంతకు ముందుకంటే పెద్ద తప్పు.

ఇక మన మామిడి తోట. చిన్న రసాల ఊరివాళ్లం, దాని మాట ఎత్తకుండా ఎలా? కొమ్మ చివర మొగ్గ ఉంటుంది కదా, అది పూతగా విచ్చుకోవాలో, చిగురుగా విచ్చుకోవాలో ముందే రాసిపెట్టి ఉండదు. వర్షాకాలం పోయాక నేల బెట్టకి రావాలి. ముదిరిన కొమ్మ ఉండాలి. రాత్రుళ్లు పదిహేను, పద్దెనిమిది డిగ్రీల దాకా చల్లబడాలి. అలా కొన్ని వారాలు నడిస్తే మొగ్గ పూత అవుతుంది. డిసెంబరులో రాత్రుళ్లు ఉక్కగా ఉన్నా, తుఫాను వచ్చి నేల తడిసినా చెట్టు చిగురు మీదకి పోతుంది. రాగి రంగు లేత చిగురు చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది, తోట రైతు గుండె మాత్రం జారిపోతుంది. పూత మీదుండగా మబ్బు పట్టి తేమ ఎక్కువైతే బూడిద తెగులు, తేనెమంచు పురుగు రెండూ పట్టుకుంటాయి. ఆ పురుగు కార్చిన జిగురుతో ఆకులు మెరుస్తాయి, తరవాత ఆ జిగురు మీద నల్లగా మసి పేరుకుంటుంది. ముప్పావు డిగ్రీతో ఏమవుతుందని అడిగారే, ఇలాంటి గీత దగ్గర నిలబడ్డ చెట్టుకి ఆ కాస్తా చాలు. వరి సంగతీ అంతే. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. సార్వా కోతలు సాగుతున్న వేళ. చేలో పనలు నీళ్లలో నాని మొలకెత్తిన ఊళ్లెన్నో.

కాబట్టి పిల్లలూ, మీరు చెయ్యాల్సిన పని ఒకటుంది. ఒక చెట్టు ఎంచుకోండి, మామిడో, వేపో, బడి దగ్గర రేలచెట్టో. ఏటా అదే చెట్టు. మొదటి పూత కనిపించిన రోజు, మొదటి పిందె, మొదటి చిగురు, తేదీ వేసి రాయండి. ఇంగ్లీషు తేదీ వేయండి, తిథి వద్దు, ఎందుకో ఇందాకే చెప్పాను. రేలని కేరళలో కొన్న అంటారు. ఏప్రిల్ మధ్యలో వాళ్ల విషు పండక్కి ఆ పసుపు పూలే కావాలి. విషు సూర్యుణ్ణి బట్టి వచ్చే పండగ, తేదీ పెద్దగా కదలదు. కొన్న ఇప్పుడు పండక్కి ముందే పూసి రాలిపోతోందని అక్కడి పెద్దవాళ్లు అంటుంటారు. అది నిజమా కాదా తేల్చడానికి బడిపిల్లలే చెట్లు చూసి రాస్తున్నారు, సీజన్ వాచ్ అనే పనిలో. 2010 ప్రాంతంలో మొదలైన ఆ పనిలో మన ఊరి పిల్లలూ చేరవచ్చు.

వానకొలత కూడా పెట్టుకుందాం. కౌటిల్యుడి అర్థశాస్త్రంలోనే వాన కొలిచే గిన్నె మాట ఉంది, మనకేం కొత్త కాదు. నిటారు గోడలున్న ప్లాస్టిక్ సీసా తీసుకుని, పైభాగం కోసి, దాన్నే తలకిందులుగా గరాటులా పెట్టండి. అడుగు చదునుగా లేకపోతే గులకరాళ్లు వేసి, వాటి మీదకి నీళ్లు పోసి, అక్కడ సున్నా గీత గీయండి. పక్కన స్కేలు అంటించండి. చెట్ల కిందా చూరు కిందా కాకుండా బయలులో పెట్టండి. రోజూ పొద్దున్న 8:30కి చూడండి, వాతావరణ శాఖ వాళ్లూ అప్పుడే చూస్తారు. ఒక మిల్లీమీటరు అంటే చదరపు మీటరు నేల మీద ఒక లీటరు నీళ్లు పడినట్టు. 2.5 మిల్లీమీటర్లు గానీ ఆపైన గానీ పడితే దాన్ని వాన రోజు అంటారు. ఎంత పడిందో రాయండి, నెలాఖరుకి ఎన్ని వాన రోజులో లెక్కపెట్టండి. ఈ రెండో అంకె ముఖ్యం, మన ముసురు ఏమైందో చెప్పేది అదే. వాన పడని రోజున సున్నా రాయడం మాత్రం మరిచిపోకండి. ఖాళీగా వదిలేస్తే, పదేళ్ల తరవాత ఆ పుస్తకం తెరిచినవాళ్లకి ఆ రోజు వాన లేదో, మీరు చూడలేదో తెలియదు.